పులిచారల గుండె

పుంగనూరు ఆవును మొదటిసారి చూసినవాళ్లకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ముద్దొస్తుంది. ఎత్తు రెండున్నర, మూడడుగులు. నిలబడితే మనిషి నడుము దగ్గరికి వస్తుంది. ఒకప్పుడు ఈ జాతి చిత్తూరు సీమ పల్లెల్లోనే కనిపించేది. దాన్ని నిలబెట్టే పని పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఏళ్లుగా చేస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వీటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దేశమంతా దీని పేరు తెలిసింది.

ఈ పొట్టి ఆవుకైనా, పక్క దొడ్లో ఉన్న జెర్సీ ఆవుకైనా రైతు భయపడే జబ్బు ఒకటుంది: గాలికుంటు. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, తీగలు సాగే చొంగ. పెద్ద పశువు మేత మాని, పాలు తగ్గి, చిక్కి శల్యమై చివరికి తేరుకుంటుంది. దేశవాళీ పశువుల్లో తీవ్రత మామూలుగా కొంత తక్కువే. దూడల సంగతి వేరు. పొద్దున తల్లి పొదుగు కుమ్మిన దూడ సాయంత్రానికి కూలిపోతుంది. చాలాసార్లు దాని నోట్లో ఒక్క పొక్కు కూడా కనిపించదు. పాము కరిచిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. పశువైద్యుడు కోసి చూస్తే తెలుస్తుంది. ఎర్రటి గుండె కండరం మీద బూడిద, పసుపు రంగుల్లో చారలు పడి ఉంటాయి. చచ్చిపోయిన కండరం అది. పశువైద్య పుస్తకాల్లో దీని పేరు 'పులి గుండె'. పులి చర్మం మీది పట్టీల్లా ఉంటాయని ఆ పేరు పెట్టారు.

ఆ చారలు గీసింది వైరస్. గాలికుంటు వైరస్‌కు విజ్ఞాన చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. జంతువుల్లో జబ్బు తెచ్చే వైరస్‌లలో మనిషి మొట్టమొదట పట్టుకున్నది దీన్నే. 1898లో జర్మనీ శాస్త్రవేత్తలు లోఫ్లర్, ఫ్రాష్ పశువుల పొక్కుల్లోని ద్రవాన్ని బ్యాక్టీరియా దాటలేని వడపోతలోంచి పంపారు. దిగిన ద్రవంతోనూ జబ్బు వచ్చింది. అంటే బ్యాక్టీరియాకంటే చిన్నదేదో అందులో ఉంది. గుండెను దెబ్బతీసే వైరస్ కథ ఒక రకంగా పశువుల కొట్టంలోనే మొదలైందన్నమాట.

గాలికుంటు మనుషులకు అంటుకోవడం అత్యంత అరుదు. కానీ దాని దాయాదులు మనుషుల్లో ఉన్నాయి. పికోర్నా అనే ఒకే పెద్ద కుటుంబంలో పోలియో వైరస్ ఉంది, జలుబు తెచ్చే రైనో వైరస్ ఉంది, కాక్సాకీ వైరస్‌లూ ఉన్నాయి. ఈ చివరిదాని పేరు ఒక ఊరి పేరే. 1948లో అమెరికాలో గిల్బర్ట్ డాల్డార్ఫ్, గ్రేస్ సికిల్స్ అనే ఇద్దరు పోలియో వచ్చిందనుకున్న పిల్లల మలంలోంచి కొత్త వైరస్‌ను వేరుచేశారు. ఆ పిల్లలది న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న కాక్సాకీ. పెద్ద ఎలుకలకు ఎక్కిస్తే లొంగని ఆ వైరస్ పాలు తాగే ఎలుక పిల్లల్లో విజృంభించింది. గాలికుంటులో దూడలు పడిపోవడం, ఇక్కడ ఎలుక పిల్లలు పడిపోవడం, నవజాత శిశువుల్లో ఇదే కుటుంబపు వైరస్‌లు గుండెను ప్రాణాంతకంగా దెబ్బతీయడం, మూడూ ఒకే వరసలోవి.

కాక్సాకీ అన్న మాట వినని మదనపల్లె వాళ్లు కూడా దాని మారుపేరు వినే ఉంటారు. 2022 మేలో కేరళలోని కొల్లంలో చిన్నపిల్లలకు ఎర్రటి పొక్కులతో జ్వరాలు వచ్చినప్పుడు దానికి 'టమోటా ఫ్లూ' అని పేరు పెట్టారు. దేశంలోనే పేరుమోసిన టమోటా మార్కెట్ ఉన్న ఊరికి ఇంతకంటే పాడు పేరు దొరకదు. పొక్కులు ఎర్రగా గుండ్రంగా ఉన్నాయని తప్ప టమోటాతో దానికే సంబంధమూ లేదు. కేరళ నుంచి బ్రిటన్ తిరిగి వెళ్లిన ఇద్దరు పిల్లల్లో పరీక్షిస్తే తేలింది కాక్సాకీ ఎ16. అంటే నోరు, చేతులు, పాదాల మీద పొక్కులు తెచ్చే పాత జబ్బే. ఆ రకం దాదాపు ఎప్పుడూ వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. గుండెతో తగాదా పెట్టుకునేది ఎక్కువగా దాని అన్నదమ్ములు, బి వర్గంలోవి. వాటిలోనూ బి3కి పేరు ఎక్కువ.

ఆ తగాదా ఎలా సాగుతుందో చూస్తే వైరస్ ఎంత పొదుపరి జీవో తెలుస్తుంది. గుండె కండర కణం పైపొరలో ఒక ప్రోటీన్ ఉంది. పక్కపక్క కణాలను అతికించి ఉంచడం దాని పని. కాక్సాకీ, అడినో వైరస్‌లు రెండూ దాన్నే పట్టుకొని లోపలికి దిగుతాయని 1997లో కనిపెట్టారు. ఎదిగే వయసు గుండెలో ఈ ప్రోటీన్ ఎక్కువ, పెద్దవాళ్లలో తక్కువ. పసిగుండెలే ముందు ఎందుకు పడిపోతాయన్న ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడే ఉంది.

లోపలికి దిగాక వైరస్ తనకు కావలసిన ప్రోటీన్లన్నిటినీ కణం చేత ఒకే పొడవాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది. తర్వాత ఆ గొలుసును తన దగ్గరున్న కత్తెరలతో ముక్కలు చేసుకుంటుంది. అందులో ఒక కత్తెర పేరు 2ఎ. సొంత గొలుసును కత్తిరించుకుని ఊరుకుంటే బాగుండేది. అది కణంలోని డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్‌ను కూడా కత్తిరిస్తుందని 1999లో అమెరికా పరిశోధకులు చూపించారు. మదనపల్లె చుట్టూ పొలాల్లో టమోటా మొక్కలకు కట్టెలు పాతి దారంతో కడతారు కదా, డిస్ట్రోఫిన్ ఆ దారం లాంటిది. కణం లోపలి కట్టడాన్ని పైపొరకు కట్టి ఉంచుతుంది. దారం తెగినంత మాత్రాన మొక్క చచ్చిపోదు, కాయ బరువు పడినప్పుడు ఒరిగిపోతుంది. గుండె కణానిదీ అదే గతి. పుట్టుకతోనే డిస్ట్రోఫిన్ లేని పిల్లలకు కండరాలు క్షీణించే డూషెన్ జబ్బు వస్తుంది. ఆ లోపాన్నే వైరస్ కొద్ది రోజుల్లో, గుండెలో, తాత్కాలికంగా తెచ్చిపెడుతోంది.

ఇది మొదటి అంకం, కొద్ది రోజుల వ్యవహారం. రెండో అంకంలో దెబ్బ కొట్టేది మన రక్షణ వ్యవస్థే. వైరస్ చేరిన కణాలను చంపడానికి తెల్లకణాలు గుండెలోకి గుంపులుగా వస్తాయి. వాటి రసాయనాలతో కండరం వాస్తుంది. కొందరిలో వైరస్ పోయాక కూడా ఈ దాడి ఆగదు. డాక్టర్లు 'మయోకార్డైటిస్' అనేది దీన్నే. తెలుగులో గుండె కండరం వాపు అనుకోవచ్చు. మూడో అంకం నెలల తరబడి సాగుతుంది. చచ్చిన కండరం చోట మచ్చ మిగులుతుంది. మచ్చ ముడుచుకోదు, సాగదు. మిగిలిన కండరం మీద భారం పడి గుండె గదులు సాగి పెద్దవవుతాయి. "గుండె పెద్దదైందన్నారు" అని ఊళ్లలో చెప్పే జబ్బులకున్న కారణాల్లో ఇదొకటి.

చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. కాలేయం కోసినా పెరుగుతుంది. గుండెకు ఆ అదృష్టం లేదు. 2009లో స్వీడన్‌లో జోనాస్ ఫ్రీసెన్ బృందం దీన్ని చాలా చమత్కారంగా కొలిచింది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 పెరిగి, ఆ పరీక్షలు ఆగాక తగ్గుతూ వచ్చింది. ఆ గుర్తు మనుషుల కణాల్లోని డీఎన్‌ఏలోనూ పడింది. దాన్ని బట్టి గుండె కణాల వయసు కట్టారు. 25 ఏళ్ల మనిషిలో ఏడాదికి ఒక శాతం కణాలు మాత్రమే కొత్తవి వస్తాయి. 75 ఏళ్లకు అది అర శాతంకంటే తక్కువ. రోజుకు లక్షసార్లు కొట్టుకునే యంత్రానికి ఉన్న రిపేరు షెడ్డు అంత చిన్నది.

అంతమాత్రాన ప్రతి జ్వరానికీ గుండె పట్టుకోనక్కర్లేదు. వైరల్ జ్వరాల్లో అత్యధికం గుండె జోలికి పోవు. పోయినవాటిలోనూ సుమారు సగం కొద్ది వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మిగిలినవాళ్లలో కొందరికి గుండె బలం పూర్తిగా తిరిగి రాదు. మరికొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ దిగజారుతుంది. ఎవరు ఏ గట్టున తేలతారన్నది వైరస్ ఒక్కటే తేల్చదు.

చైనా ఈశాన్యంలో కేషాన్ అనే ప్రాంతం ఉంది. 1935లో అక్కడ ఆడవాళ్లు, పిల్లలు గుండె చెడి చనిపోతున్న జబ్బును గుర్తించి ఊరి పేరే పెట్టారు. ఆ నేలలో సెలీనియం అనే మూలకం బాగా తక్కువ. పంటలోనూ తక్కువే, మనుషుల రక్తంలోనూ తక్కువే. 1970ల్లో సెలీనియం మాత్రలు పంచితే జబ్బు తగ్గుముఖం పట్టింది. అయినా ఒక చిక్కు మిగిలింది. లోపం ఏడాది పొడవునా ఉంటే జబ్బు మాత్రం కొన్ని రుతువుల్లోనే ఎందుకు ఎక్కువవుతోంది? రోగుల్లో కాక్సాకీ వైరస్‌లు కనిపించాయి. 1995లో మెలిండా బెక్ అనే అమెరికా శాస్త్రవేత్త సెలీనియం లేని తిండి పెట్టిన ఎలుకలకు గుండె జోలికిపోని సాధువైన కాక్సాకీ రకాన్ని ఎక్కించి చూశారు. ఆ ఎలుకల గుండెలు దెబ్బతిన్నాయి. పైగా వాటి నుంచి తీసిన వైరస్‌ను మంచి తిండి తిన్న ఎలుకలకు ఎక్కిస్తే వాటి గుండెలూ దెబ్బతిన్నాయి. తిండి సరిగాలేని శరీరంలో వైరస్ జన్యువులే మారి దుడుకుదైపోయింది. పోషకాహార లోపం పక్కింటివాళ్ల సమస్య అనుకునేవాళ్లు ఈ ప్రయోగాన్ని రెండుసార్లు చదవాలి.

మన సీమకు వస్తే జ్వరాల జ్ఞాపకం అనగానే పెద్దవాళ్లు 2006 దగ్గర ఆగుతారు. అంతకు ముందు ఏడాది చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా ఆ ఏడాది రాయలసీమను ఊళ్లకు ఊళ్లుగా మంచాన పడేసింది. కడప, చిత్తూరు పల్లెల్లో గోడ పట్టుకొని నడిచే మనుషులే కనిపించారు. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. టాంజానియాలోని మకోండే భాషలో ఆ పేరుకు 'వంగిపోవడం' అని అర్థం. మన దగ్గర పేపర్లు 'విషజ్వరాలు' అని రాశాయి, జనం కీళ్ల జ్వరం అన్నారు. కీళ్ల నొప్పి అంత భయంకరంగా ఉండటంతో చూపంతా మోకాళ్ల మీదే నిలిచింది. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిని కూడా ఈ జ్వరం ముంచెత్తింది. అక్కడి ఫ్రెంచి డాక్టర్లు తీవ్రమైన కేసులను ఒక్కొక్కటిగా పరిశీలించారు. వాటిలో గుండె కండరం వాపు, లయ తప్పిన గుండె, గుండె వైఫల్యం కనిపించాయి. తర్వాత బ్రెజిల్‌లో లక్షకు పైగా రోగుల రికార్డులను మరణ రికార్డులతో కలిపి చూసిన అధ్యయనం 2024లో వచ్చింది. చికున్‌గున్యా సోకినవాళ్లకు గుండె జబ్బులతో సహా పలు కారణాలతో చనిపోయే ముప్పు దాదాపు మూడు నెలల దాకా ఎక్కువగానే ఉందని అది తేల్చింది.

మూడు నెలలు! ఈ సీమలో జ్వరం వచ్చిన మనిషి మూడు రోజులు పడుకుంటే గొప్ప. మదనపల్లె మార్కెట్ యార్డులో కాయ వచ్చే కాలంలో క్రేట్లు దించే హమాలీకి పని ఆగితే కూలి ఆగుతుంది. ఒక్కో క్రేటు పాతిక, ముప్పై కిలోలు. జ్వరం దిగిన మర్నాడే అతను యార్డులో ఉంటాడు. పొలంలో కోత కోసే ఆమెదీ అదే లెక్క. వైరల్ మయోకార్డైటిస్‌లో అసలు గండం ఈ మర్నాడే ఉంది. వాచిన కండరానికి గట్టి శ్రమ తోడైతే గుండె లయ తప్పి మనిషి ఉన్నచోటే కూలిపోవచ్చు. అందుకే ఈ జబ్బు వచ్చిన క్రీడాకారులను మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు మైదానంలోకి రానివ్వరు. క్రికెటర్‌కు వర్తించే నియమం క్రేట్లు మోసే మనిషికి ఎందుకు వర్తించదో ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లు ఉన్నా ఆ మూడు నెలల కూలి ఎవరిస్తారన్నది జవాబులేని ప్రశ్న.

డెంగీ ఇంకో తీరు. డెంగీ అనగానే ఇల్లంతా అడిగే మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎంత?" బొప్పాయి ఆకు రసం తీయడానికి ఒకరు, రక్తదాతను వెతకడానికి ఒకరు బయల్దేరతారు. నాడి ఎంత, బీపీ ఎంత, ఒంటికి పోతున్నారా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. రక్తనాళాల గోడలు చిల్లులు పడ్డట్టయి రక్తంలోని ద్రవం బయటికి కారిపోవడం. అదీ జ్వరం దిగుతున్న రోజుల్లో, ఇంట్లోవాళ్లు "హమ్మయ్య" అనుకునే వేళ. అప్పుడు పంప్ చేయడానికి సరిపడా రక్తం లేక గుండె పరుగులు పెడుతుంది. కొందరిలో వైరస్ వల్ల గుండె కండరం కూడా నీరసిస్తుంది.

ఇక్కడే గ్లూకోజ్ బాటిల్ ప్రస్తావన రాక తప్పదు. జ్వరమంటే సూది, సూదితోపాటు బాటిల్ అన్న నమ్మకం మన ఊళ్లలో ఎంత గట్టిదో ఆర్‌ఎంపీకీ తెలుసు, రోగికీ తెలుసు. బాటిల్ ఎక్కించని డాక్టరును డాక్టరుగానే లెక్కపెట్టని ఊళ్లున్నాయి. డెంగీ షాక్‌లో సెలైన్ ప్రాణం నిలుపుతుంది, సందేహం లేదు. కానీ దానికి గంట గంటకూ లెక్క ఉంటుంది. ఒకటి రెండు రోజుల తర్వాత కారిపోయిన ద్రవం తనంతట తాను రక్తంలోకి తిరిగొస్తుంది. ఆ సమయంలో లెక్క లేకుండా బాటిళ్లు ఎక్కిస్తూ పోతే, అసలే నీరసించిన గుండె ఆ నీళ్లను తోడలేదు. నీళ్లు ఊపిరితిత్తుల్లో నిలుస్తాయి. పడుకుంటే గస, లేచి కూర్చుంటే కాస్త నయం. అప్పుడు మరో బాటిల్ పెట్టడమంటే మునుగుతున్న మనిషి మీద బిందె కుమ్మరించడమే. నొప్పులకని వేసే డైక్లోఫెనాక్ సూది సంగతి వేరే చెప్పాలా? డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది రక్తస్రావానికి దారి తీస్తుందని వైద్య మార్గదర్శకాలన్నీ వద్దంటూనే ఉన్నాయి.

మామూలు ఫ్లూను చిన్నచూపు చూడటం మరో అలవాటు. ఇన్‌ఫ్లుయెంజా గాలులు వీచిన ఏడాది గుండె జబ్బు మరణాలూ పెరుగుతాయని అమెరికా ప్రజారోగ్య గణాంక నిపుణుడు సెల్విన్ కాలిన్స్ 1932లోనే రాశాడు. రుజువు గట్టిపడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2018లో కెనడాలోని ఒంటారియో పరిశోధకులు ఒకే మనిషి జీవితంలోని వేర్వేరు వారాలను పోల్చి చూశారు. పరీక్షలో ఫ్లూ అని తేలిన తర్వాతి మొదటి వారంలో గుండెపోటు వచ్చే ముప్పు మిగతా కాలంకంటే ఆరు రెట్లు ఉంది. ఇక్కడ వైరస్ గుండె కణంలో దూరనక్కర్లేదు. రక్తనాళం గోడలో ఏళ్లుగా పేరుకున్న కొవ్వు గడ్డ ఒంట్లో రేగిన మంటకు పగులుతుంది. దాని మీద రక్తం గడ్డ కడుతుంది. జ్వరం పెరిగేకొద్దీ నాడి వేగమూ పెరుగుతుంది కాబట్టి గుండెకు ఆక్సిజన్ అవసరం పెరిగిన సమయంలోనే దారి మూసుకుపోతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు మూడు రోజుల్లోపు ఫ్లూ టీకా ఇచ్చి చూసిన పరీక్ష 2021లో వెలువడింది. స్వీడన్ నుంచి బంగ్లాదేశ్ దాకా ఎనిమిది దేశాల్లో 2,571 మందిపై జరిగింది. ఏడాదిలోపు మరణం, మళ్లీ గుండెపోటు వంటివి టీకా వేసుకున్నవాళ్లలో 5.3 శాతం, వేసుకోనివాళ్లలో 7.2 శాతం. గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మన దగ్గర ఇంకా వింతగానే ఉంది.

ఇక కోవిడ్. 2020 మొదట్లో వూహాన్‌లోని ఒక ఆస్పత్రిలో 416 మంది రోగుల రక్తం పరీక్షిస్తే 82 మందిలో ట్రోపోనిన్ పెరిగి ఉంది. గుండె కండరం చిట్లితే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అది. ఆ 82 మందిలో సగం మంది చనిపోయారు. ట్రోపోనిన్ పెరగనివాళ్లలో చనిపోయింది నూటికి అయిదుగురి లోపే. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నదానిలో గుండె పాత్ర ఇంత ఉందని అప్పుడు తెలిసింది. అయితే కాక్సాకీలా ఈ వైరస్ గుండె కణాల్లో స్థిరపడటం అంతగా కనిపించలేదు. చిన్న రక్తనాళాల్లో గడ్డలు, ఆక్సిజన్ కరువు, ఒళ్లంతా చెలరేగిన మంట, ఇవే ఎక్కువ హాని చేశాయి. రెండేళ్ల తర్వాత జియాద్ అల్-అలీ బృందం కోవిడ్ సోకిన లక్షన్నర మందికి పైగా అమెరికా మాజీ సైనికుల రికార్డులు తిరగేసింది. కోవిడ్ వచ్చిన ఏడాదిలో గుండె వైఫల్యం ముప్పు 72 శాతం ఎక్కువగా తేలింది. వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన మగవాళ్లు కాబట్టి ఆ అంకెను మన ఊరి పాతికేళ్ల కుర్రాడికి అలాగే అంటగట్టకూడదు.

కుర్రాళ్ల మాట వస్తే టీకా మాట వస్తుంది. జిమ్‌లో కూలిపోయినా, పెళ్లి ఊరేగింపులో డ్యాన్స్ చేస్తూ పడిపోయినా, వాట్సాప్‌లో అదే తీర్పు: టీకా వల్లే. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో, ముఖ్యంగా రెండో డోసు తర్వాత, యువకుల్లో అరుదుగా గుండె కండరం వాపు వచ్చిన మాట నిజం. ఎక్కువమందిలో అది తేలిగ్గానే తగ్గింది. కానీ మన దగ్గర కోట్లమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాక్సిన్ ఆ జాతివి కావు. కోవిషీల్డ్‌తో మరీ అరుదుగా రక్తం గడ్డ కట్టిన సమస్య వేరే. దేశంలో 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలను భారత వైద్య పరిశోధన మండలి 47 ఆస్పత్రుల ద్వారా సేకరించి, బతికున్న 2,916 మందితో పోల్చింది. 2023లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ముప్పు దాదాపు సగం తగ్గింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అంతకుముందు హఠాన్మరణం జరిగి ఉండటం, చావుకు ముందు రెండు రోజుల్లో మితిమీరి తాగడం, అలవాటుకు మించి శ్రమ చేయడం. వాట్సాప్‌లో ఈ జాబితా తిరగదు. తిట్టడానికి ఇందులో ఎవరూ దొరకరు కదా.

కుప్పంలో గుండె గురించి మాట్లాడితే 2023 జనవరి 27 గుర్తుకు రాకుండా ఉండదు. నారా లోకేశ్ పాదయాత్ర మొదలైన ఆ రోజు నటుడు నందమూరి తారకరత్న అక్కడ జనం మధ్య కుప్పకూలారు. స్థానికంగా ప్రథమ చికిత్స చేసి, పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రికి, అక్కడి నుంచి బెంగళూరుకు తరలించారు. ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అది గుండెపోటు, వైరస్ కథ కాదు. కానీ మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూల ఊరి భూగోళం ఆ రోజు అందరికీ అర్థమైంది. కుప్పం నుంచి తిరుపతికంటే బెంగళూరు దగ్గర. మదనపల్లెకు రెండూ ఇంచుమించు ఒకే దూరం. గుండె కండరం ఉధృతంగా వాచినప్పుడు చేతిలో ఉండే సమయం గంటలే. గుండె, ఊపిరితిత్తుల పనిని కొన్నాళ్లు యంత్రం చేత చేయించే ఎక్మో లాంటి సదుపాయాలు ఉన్నది పెద్ద నగరాల్లో. కాబట్టి ముందు గుర్తుపట్టడం ఎవరి చేతిలో ఉందంటే, ఈ సీమ ఊళ్లలో జ్వరం చూసే మొదటి డాక్టరు చేతిలో.

గుర్తుపట్టడం తేలికా అంటే, కాదు. ఛాతీలో నొప్పి, ఈసీజీలో మార్పులు, ట్రోపోనిన్ పెరగడం, అన్నీ గుండెపోటు లాగే ఉంటాయి. యాంజియోగ్రామ్ తీస్తే నాళాలు శుభ్రంగా కనిపిస్తాయి. అప్పుడు రోగి చరిత్ర అడగాలి. "పది రోజుల కిందట జ్వరం గానీ, విరేచనాలు గానీ అయ్యాయా?" చాలాసార్లు జవాబు ఈ ప్రశ్నలో ఉంటుంది. గుండె ఎంత బలంగా ముడుచుకుంటోందో 2డి ఎకో చెబుతుంది. వాపు, మచ్చ ఎక్కడున్నాయో ఎంఆర్‌ఐ చూపిస్తుంది. నూటికి నూరుపాళ్లు తేల్చాలంటే గుండె నుంచి చిన్న ముక్క తీసి చూడాలి, అది అందరికీ చేసేది కాదు. పిల్లల్లో మరీ మోసం. కడుపునొప్పి, వాంతులు అంటారు, అజీర్తి అనుకుంటారు. పసిబిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడుతుంది, నుదుట చెమటలు పోస్తాయి. అలాంటి బిడ్డలను చేర్చడానికి తిరుపతిలో 2021లో తెరిచిన శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఇప్పుడు చేరువలోనే ఉంది.

వైరస్‌ను నేరుగా చంపి గుండెను కాపాడే మందు చాలా రకాలకు ఇంకా లేదు. గుండె భారం తగ్గించే మందులు, లయను కనిపెట్టి ఉండటం, విశ్రాంతి, వైద్యం చాలావరకు ఇంతే. విశ్రాంతే వైద్యం అన్న మాట మదనపల్లెకు కొత్త కాదు. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో వందేళ్ల కిందట క్షయరోగుల శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. క్షయకు మందే లేని ఆ రోజుల్లో రోగులు నెలలకు నెలలు అక్కడ ఉండేవారు. కొండగాలి, మంచి తిండి, పడక. ఎవరు ఎప్పుడు ఎంత దూరం నడవచ్చన్నది కూడా శానిటోరియం వైద్యంలో భాగమే. మందులు వచ్చాక ఆ పద్ధతి పాతబడింది, పాతబడటమూ న్యాయమే. అయితే వాచిన గుండె విషయంలో మాత్రం ఆ పాత మంచం ఇంకా పనికొస్తుంది.

పుంగనూరు దూడకు ఇప్పుడు రక్షణ ఉంది. 2019లో మొదలైన జాతీయ పథకం కింద గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ఉచితంగా వేస్తున్నారు. జ్వరం నుంచి లేచిన పశువును వెంటనే దుక్కికి కట్టకూడదని చెప్పే రైతులు ఇప్పటికీ ఉన్నారు. గాలికుంటు తగ్గిన కొన్ని పశువులు నెలల తరబడి ఎండలో రొప్పుతూ నిలబడటం వాళ్లు చూశారు.

జ్వరం దిగి వారమైనా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, కూర్చున్నచోట గుండె దడదడలాడుతుంటే, ఒళ్లు చల్లగా ఉన్నా నాడి నూటపదికి తగ్గకుంటే, పాదాలు వాస్తుంటే, కళ్లు తిరిగి పడిపోతే నీరసమని సరిపెట్టుకోకండి. బాటిల్ పెట్టమని అడగకండి, ఈసీజీ తీయమని అడగండి. ఛాతీ నొప్పితో గస వస్తుంటే 108కి ఫోన్ చేయండి. ఈసీజీకి అయిదు నిమిషాలు పడుతుంది. ప్రభుత్వాస్పత్రిలో దానికి డబ్బు కట్టాల్సిన పనిలేదు.